పెర్ఫ్‌లో ఈవెంట్ పేర్ల పార్సింగ్‌కి రిగ్రెషన్ టెస్టులు: ఏం సరిచూడాలి, ఎక్కడ దెబ్బతింటాయి?

కొత్తకెర్నల్

అందరికీ నమస్కారం. లినక్స్‌లో ప్రాసెసర్ కౌంటర్లు చదివి పనితీరు కొలిచే పెర్ఫ్ టూల్‌లో ఈవెంట్ పేర్లను చదివే భాగంలో, అంటే పేరును పదాలుగా విడగొట్టే ఫ్లెక్స్ లెక్సర్‌లోనూ వాటిని నియమాల ప్రకారం కూర్చే బైసన్ గ్రామర్‌లోనూ, కొన్ని మార్పులు చేస్తున్నాం. కొత్త మాడిఫయర్ (పేరు తర్వాత కోలన్ పెట్టి రాసే అక్షరం) ఒకటి, పీఎంయూ (ఈవెంట్లు లెక్కించే హార్డ్‌వేర్ యూనిట్) పేర్లకు కొత్త తరహా సఫిక్స్ ఒకటి చేర్చాలి. మార్పు చిన్నదే గానీ పాత పేర్లలో ఏది విరుగుతుందో ముందుగా తెలియడం లేదు.

ఇప్పటికి మా దగ్గరున్నది ఒక షెల్ స్క్రిప్టు. వంద పేర్ల జాబితా పెట్టుకుని ఒక్కోదానికీ పెర్ఫ్ స్టాట్ నడిపి, ఎర్రర్ రాకపోతే పాస్ అంటుంది. ఇది సరిపోతుందా? ఒక మెషీన్‌లో పాసై ఇంకోదాంట్లో ఫెయిలయ్యే పేర్లను ఎలా చూసుకోవాలి? పాత బగ్గుల్లో టెస్టుగా తప్పక చేర్చాల్సినవి ఏవి?

---

లెక్సర్_లక్ష్మి

సరిపోదండి. ఈ పార్సర్‌లో ప్రమాదకరమైన బగ్గులకి అసలు ఎర్రరే రాదు. పేరు అంగీకరించబడుతుంది, కౌంటర్ తెరుచుకుంటుంది, అంకె కూడా వస్తుంది. కాకపోతే అది వేరే కౌంటర్ అంకె.

అందరూ తెలుసుకోవాల్సిన కేసు 2020లో బయటపడింది. ఇంటెల్ మెమరీ కంట్రోలర్ పీఎంయూల్లో అన్‌కోర్_ఐఎంసీ_ఫ్రీ_రన్నింగ్ అని ఒకటుంది. దానికి ‘రీడ్’ అనే ఈవెంట్ ఉంది. పీఎంయూ పేరు, స్లాష్, రీడ్, స్లాష్ అని రాస్తే మెమరీ రీడ్స్ లెక్కించాలి. కానీ పెర్ఫ్‌లో ఆర్ అక్షరం తర్వాత హెక్స్ అంకెలు (0-9, ఏ-ఎఫ్) వస్తే అది రా ఈవెంట్, అంటే పేరు బదులు నేరుగా అంకెగా ఇచ్చే కోడ్. ఇంగ్లీషులో ‘రీడ్’ స్పెల్లింగ్ చూడండి: ఆర్, ఆ తర్వాత ఇ, ఏ, డి. ఈ మూడూ హెక్స్ అంకెలే. లెక్సర్ దాన్ని ‘కాన్ఫిగ్ = 3757’ అని చదివేసింది. గ్రామర్ ప్రకారం తప్పేమీ లేదు కాబట్టి ఎర్రరూ లేదు.

దిద్దుబాటు రెండు ముక్కల్లో జరిగింది. ఆర్‌తో మొదలయ్యే పదం ఎదురైతే ముందు ఆ పేరుతో టర్మ్ (స్లాష్‌ల మధ్య రాసే పదం) ఏదైనా ఉందేమో చూస్తారు, ఉంటే దానికే ప్రాధాన్యం. నిజంగా రా విలువే కావాలనుకునేవాళ్ళు ఆర్ తర్వాత సున్నా-ఎక్స్ పెట్టి హెక్స్ రాయొచ్చు. టెస్టులో ఈ రెండింటినీ ఒకే స్ట్రింగ్‌లో పక్కపక్కన పెట్టారు: మొదటిది ‘రీడ్’ అనే టర్మ్‌గానే రావాలి, రెండోది 3757 గా రావాలి. ఘర్షణ పడే రెండు అర్థాలనూ ఒకేచోట నిలబెట్టడం ఆ టెస్టులోని మంచితనం. రేపు ఎవరైనా ప్రాధాన్యక్రమం తారుమారు చేస్తే రెండింట్లో ఒకటి తప్పక పడిపోతుంది.

కాబట్టి మీ స్క్రిప్టు చూడాల్సింది పేరు పాసయిందా అని కాదు. పేరు చివరికి పెర్ఫ్_ఈవెంట్_యాట్ర్ అనే స్ట్రక్చర్‌గా మారుతుంది. అందులోని టైప్, కాన్ఫిగ్, కాన్ఫిగ్1, కాన్ఫిగ్2, ఎక్స్‌క్లూడ్ బిట్లు, ప్రిసైజ్_ఐపీ విలువలు ఒక్కోటీ మీరనుకున్న అంకెకు సమానమా అని చూడాలి. పెర్ఫ్ స్టాట్‌కి మైనస్ వి రెండుసార్లు ఇస్తే ఆ స్ట్రక్చర్ ప్రింటవుతుంది. స్క్రిప్టునే ఉంచుకోవాలనుకుంటే కనీసం ఆ ప్రింటును భద్రపరిచి పోల్చండి. అంతకన్నా మేలు, సోర్సులోనే టూల్స్, పెర్ఫ్, టెస్ట్స్ డైరెక్టరీలో పార్స్-ఈవెంట్స్ అనే సీ ఫైలుంది. అందులో స్ట్రింగ్, దాని చెకింగ్ ఫంక్షన్ జంటలుగా టేబుల్ ఉంటుంది. మీ కేసు అక్కడ చేర్చండి.

---

బిట్‌మాస్క్

లక్ష్మి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ‘సైకిల్స్’ పేరుతో టెస్టు రాయకండి.

హార్డ్‌వేర్ ఈవెంట్ల టైప్ నంబరు 0. అందులో సైకిల్స్ కాన్ఫిగ్ కూడా 0. స్ట్రక్చర్‌ని మొదట సున్నాలతో నింపుతారు. అంటే పార్సర్ ఏ విలువా రాయకుండా వదిలేసినా ‘టైప్ 0, కాన్ఫిగ్ 0’ అన్న చెక్ పాసైపోతుంది. ఇన్‌స్ట్రక్షన్స్ అయితే కాన్ఫిగ్ 1, బ్రాంచ్-మిసెస్ అయితే 5. అవి వాడండి. సాఫ్ట్‌వేర్ వైపు కూడా ఇంతే: సీపీయూ-క్లాక్ 0, టాస్క్-క్లాక్ 1, పేజ్-ఫాల్ట్స్ 2, కాంటెక్స్ట్-స్విచెస్ 3. మొదటిది వదిలేయండి.

క్యాష్ ఈవెంట్లు ఇంకా మంచి పరీక్ష, ఎందుకంటే వాటి కాన్ఫిగ్‌లో మూడు భాగాలుంటాయి: కింది 8 బిట్లలో ఏ క్యాష్, ఆపైన 8 బిట్లలో ఏ ఆపరేషన్, 16వ బిట్ నుంచి ఫలితం (యాక్సెస్ 0, మిస్ 1). ఎల్1-డీక్యాష్-లోడ్-మిసెస్ అంటే ఎల్1డీ 0, రీడ్ 0, మిస్ 1. కాన్ఫిగ్ 65536 రావాలి. హైఫన్ల దగ్గర పార్సర్ తప్పటడుగు వేసి ‘ఎల్1-డీక్యాష్-లోడ్’ వరకే తీసుకుంటే 0 వస్తుంది, వెంటనే దొరుకుతుంది. అంతకన్నా కట్టుదిట్టంగా కావాలంటే స్టోర్ మిస్ పెట్టండి. రైట్ ఆపరేషన్ 1 కాబట్టి 65536 + 256 = 65792. రెండు భాగాల్లోనూ సున్నా లేదు.

మాడిఫయర్లకూ ఇదే సూత్రం. పేరు తర్వాత కోలన్, యు (యూజర్ కోడ్ మాత్రమే) పెడితే ఎక్స్‌క్లూడ్_యూజర్ 0, ఎక్స్‌క్లూడ్_కెర్నల్ 1, ఎక్స్‌క్లూడ్_హెచ్‌వీ 1. కె (కెర్నల్ మాత్రమే) పెడితే మొదటిది 1, రెండోది 0, మూడోది 1. మూడు బిట్లూ చూడాలి. ఒక్క ‘ఎక్స్‌క్లూడ్_యూజర్ 0’ మాత్రమే చూసే టెస్టు మాడిఫయర్‌ని పార్సర్ అసలు పట్టించుకోకపోయినా పాసవుతుంది.

---

కొత్తకెర్నల్

బిట్‌మాస్క్ గారూ, ఇది చాలా ఉపయోగపడింది. మా జాబితాలో సగం పైగా సైకిల్సే ఉన్నాయి, మార్చేస్తున్నాం. ఎర్రర్ రావాల్సిన పేర్లకు కూడా టెస్టులు అవసరమా?

---

బిట్‌మాస్క్

తప్పనిసరిగా. మీరు కొత్త మాడిఫయర్ చేరుస్తున్నారు కాబట్టి మరీనూ. పి (ప్రిసైజ్_ఐపీని పెంచే అక్షరం) ఒక్కటే మళ్ళీ మళ్ళీ రాయదగ్గ అక్షరం, అదీ మూడు వరకే. ప్రిసైజ్_ఐపీ గరిష్ఠం 3 కాబట్టి నాలుగు పీలు ఎర్రర్. మిగతా అక్షరం ఏది రెండుసార్లు వచ్చినా ఎర్రర్. మీ కొత్త అక్షరం ఒకసారి, రెండుసార్లు, పి మధ్యలో ఇరికించి, గ్రూపు (కర్లీ బ్రాకెట్లలో కలిపి రాసిన ఈవెంట్లు) బ్రాకెట్ బయట, లోపల – ఈ అయిదూ పెట్టండి.

విలువల హద్దులు కూడా. ఇంటెల్‌లో యుమాస్క్ (ఈవెంట్‌లో ఉపరకాన్ని ఎంచే టర్మ్) ఫార్మాట్ ఎక్కువగా కాన్ఫిగ్ 8 నుంచి 15 బిట్లు. యుమాస్క్ 255 పాసవ్వాలి. 256 ఇస్తే ఆ ఫార్మాట్‌కి విలువ పెద్దదైంది, గరిష్ఠం 255 అని ఎర్రర్ రావాలి. ఈ హద్దు లేకపోతే అదనపు బిట్ చప్పుడు లేకుండా రాలిపోయి యుమాస్క్ 0 అవుతుంది, మళ్ళీ లక్ష్మి గారు చెప్పిన తంతే: వేరే కౌంటర్, ఎర్రర్ లేదు.

---

కృష్ణాడెల్టా

మెషీన్‌ని బట్టి ఫలితం మారడం గురించి.

అది మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, పీఎంయూలు. ఏ పీఎంయూ ఉంది, దాని టైప్ నంబరెంత, ఏ టర్మ్ ఏ బిట్లలోకి వెళ్తుంది అన్నవన్నీ కెర్నల్ సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్ సమాచారాన్ని ఫైళ్ళుగా చూపే వ్యవస్థ) ద్వారా చెబుతుంది. బస్, ఈవెంట్_సోర్స్, డివైసెస్ అన్న దారిలో పీఎంయూకొక డైరెక్టరీ, అందులో టైప్ ఫైలు, ఫార్మాట్ డైరెక్టరీ, ఈవెంట్స్ డైరెక్టరీ. ఈ డైరెక్టరీలు ఏ వరుసలో వస్తాయో హామీ లేదు. మొదటి పీఎంయూ ఫలానాదే అని టెస్టు అనుకుంటే ఒకరోజు పడిపోతుంది. రెండు, ట్రేస్‌పాయింట్లు, అంటే కెర్నల్ కోడ్‌లో ముందే పెట్టిన గమనింపు చోట్లు; వాటి జాబితా ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లో ఉంటుంది. ట్రేస్‌ఎఫ్‌ఎస్ మౌంట్ కాకపోయినా, చదివే అనుమతి లేకపోయినా ‘షెడ్:షెడ్_స్విచ్’ లాంటి పేరు దొరకదు. పైగా ఆర్కిటెక్చర్ తేడాలు: ఆర్మ్64లో ఓపెన్ సిస్టమ్ కాల్ లేదు, ఓపెన్‌యాట్ మాత్రమే ఉంది. సిస్‌కాల్స్:సిస్_ఎంటర్_ఓపెన్ పేరుతో రాసిన టెస్టు ఎక్స్86 మీద పాసై అక్కడ ఫెయిలవుతుంది. సిస్_ఎంటర్_ఓపెన్‌యాట్ వాడండి.

మూడోది హైబ్రిడ్ చిప్‌లు, దీని మీద కాస్త నిలబడాలి. ఇంటెల్ ఆల్డర్ లేక్ నుంచి ఒకే ప్రాసెసర్‌లో సీపీయూ_కోర్, సీపీయూ_ఆటమ్ అని రెండు కోర్ పీఎంయూలు. ‘ఇన్‌స్ట్రక్షన్స్’ అని ఒక్క పేరిస్తే పెర్ఫ్ రెండు ఈవెంట్లు తెరుస్తుంది. ‘జాబితాలో ఎంట్రీ ఒక్కటే ఉండాలి’ అన్న చెక్ అక్కడే విరుగుతుంది. దాన్ని కోర్ పీఎంయూల సంఖ్యకు సమానంగా ఉండాలి అని మార్చాలి. కాన్ఫిగ్ కూడా 1 రాదు. టైప్ 0 గానే ఉండి, కాన్ఫిగ్ పై 32 బిట్లలో పీఎంయూ టైప్ నంబరు కూర్చుంటుంది. సీపీయూ_కోర్ టైప్ 4 అయితే ఇన్‌స్ట్రక్షన్స్ కాన్ఫిగ్ 4 × 2^32 + 1, అంటే 17179869185. కాబట్టి కింది 32 బిట్లను మాస్క్ చేసి వాటిని 1 తో పోల్చాలి, పై 32 బిట్లను సిస్‌ఎఫ్‌ఎస్‌లోని టైప్‌తో విడిగా పోల్చాలి. మాస్క్ చేసి ఊరుకోకండి. రెండు ఈవెంట్లూ ఒకే పీఎంయూకి వెళ్ళిపోయే బగ్ ఉంటే పై భాగం చూడని టెస్టు దాన్ని పట్టుకోలేదు.

---

లెక్సర్_లక్ష్మి

> అది మూడు చోట్ల నుంచి వస్తుంది

వీటిలో పీఎంయూల తేడాల నుంచి తప్పించుకునే దారి నకిలీ పీఎంయూ. టెస్టే ఒక తాత్కాలిక డైరెక్టరీలో ఫార్మాట్ ఫైళ్ళు రాసుకుని వాటితో పీఎంయూ తయారుచేస్తుంది. పెర్ఫ్ సోర్సులో టెస్ట్స్ కింద పీఎంయూ అనే సీ ఫైలులో ఇది ఉంది. ఆ టర్మ్‌లకు ‘క్రావా’ అని పేరు పెట్టి వెనక అంకెలు తగిలించారు.

దాన్ని దగ్గరగా చూడండి, ఫార్మాట్ టెస్టు ఎలా ఉండాలో తెలుస్తుంది. క్రావా01 ఫార్మాట్: కాన్ఫిగ్ 0-1, 62-63 బిట్లు. క్రావా02: కాన్ఫిగ్ 10-17. క్రావా03: కాన్ఫిగ్ 5. ఇచ్చే విలువలు వరుసగా 15, 170, 1. పదిహేను అంటే నాలుగు ఒకట్లు, కాబట్టి 0, 1, 62, 63 బిట్లన్నీ 1. నూట డెబ్బైని 10 బిట్లు ఎడమకు జరిపితే 174080. అయిదో బిట్ 32. పై రెండు బిట్లు పక్కన పెడితే కింది భాగం 174080 + 32 + 3 = 174115 రావాలి.

ఎంపిక ఎంత ఆలోచించి చేశారో గమనించండి. ఒక టర్మ్ విలువ రెండు ముక్కలై రిజిస్టరు రెండు చివర్లకూ వెళ్తుంది, కాబట్టి షిఫ్టులు 32 బిట్లలో చేసే తప్పు బయటపడుతుంది. 170 అంటే 10101010, ఒక్క బిట్ జరిగినా మారిపోతుంది. మీ సఫిక్స్ మార్పుకు కూడా ఇలాంటి నకిలీ డైరెక్టరీయే వాడండి, సర్వర్ కోసం వెతుక్కునే పని లేదు.

---

ఆర్మ్‌అభిమాని

నకిలీ పీఎంయూ మీద పూర్తిగా ఆధారపడటాన్ని నేను ఒప్పుకోనండి. నకిలీలో మనకు ముందే తోచిన పేర్లే ఉంటాయి. ఘర్షణలు మాత్రం మనకు తోచని పేర్ల దగ్గరే పుడతాయి.

ఆర్మ్ సర్వర్ల సంగతే చూడండి. డీఎస్‌యూ అనే అన్‌కోర్ (కోర్ల బయటి) పీఎంయూ కూడా సిస్‌ఎఫ్‌ఎస్‌లో ‘సైకిల్స్’ అని ఒక ఈవెంట్ ప్రకటిస్తుంది. పీఎంయూ పేరివ్వకుండా ఒట్టి ‘సైకిల్స్’ అంటే, సిస్‌ఎఫ్‌ఎస్ పేర్లకు పాత స్థిర పేర్ల కన్నా ప్రాధాన్యమిచ్చే పార్సర్ దాన్ని డీఎస్‌యూకి కూడా అంటిస్తుంది. పెర్ఫ్ స్టాట్‌లో అదనంగా ఒక వరుస కనిపించి ఊరుకుంటుంది. పెర్ఫ్ రికార్డ్‌లో మాత్రం ఆ అన్‌కోర్ కౌంటర్ శాంప్లింగ్ చెయ్యలేదు కాబట్టి కమాండే తెరుచుకోదు. ఎక్స్86 మీద వెయ్యి నకిలీ టెస్టులు పాసైనా ఇది కనబడదు.

సఫిక్స్ విషయంలో కూడా ఇలాంటిదే. అన్‌కోర్_ఐఎంసీ_0, _1, _2 లాంటివన్నీ ‘అన్‌కోర్_ఐఎంసీ’ అన్న ఒక్క పేరుతో పట్టుకోవాలంటే చివరి అంకెలు తీసేసి పోల్చాలి. కొన్ని చిప్‌లలో ఆ సఫిక్స్ హెక్స్ చిరునామాగా ఉంటుంది, కాబట్టి హెక్స్ అంకెలనూ ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్న క్షణంలో ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్)లోని సీపీయూఎం_సీఎఫ్ పీఎంయూ ఇరుక్కుంటుంది. సి, ఎఫ్ రెండూ హెక్స్ అంకెలే! అందుకే పెర్ఫ్ దశాంశ సఫిక్స్ ఎంత పొడవున్నా తీసుకుంటుంది గానీ హెక్స్ సఫిక్స్ రెండు అంకెల కన్నా పొడవుంటేనే సఫిక్స్‌గా లెక్కిస్తుంది. కొత్తకెర్నల్ గారూ, మీరు చేర్చబోయేది సఫిక్సే కాబట్టి సీపీయూఎం_సీఎఫ్ మీ టేబుల్‌లో మొదటి వరుస కావాలి.

---

లెక్సర్_లక్ష్మి

మీరన్నది నిజం. రెండూ ఉండాలి, పనులు వేరు. నకిలీ పీఎంయూ దిద్దిన బగ్ తిరిగి రాకుండా కాపలా కాస్తుంది. అసలు మెషీన్ కొత్త బగ్ కనిపెడుతుంది. పెర్ఫ్ టెస్టులో ‘పార్స్ ఈవెంట్ డెఫినిషన్ స్ట్రింగ్స్’ కిందే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని పీఎంయూ ఈవెంట్లన్నిటినీ పార్స్ చేసి చూసే సబ్‌టెస్టు ఉంది. దాన్ని దొరికిన ప్రతి రకం మెషీన్ మీదా నడపండి. అక్కడ దొరికిన ఘర్షణ పేరును తెచ్చి నకిలీ టేబుల్‌లో పెట్టండి.

టెస్టును నంబరుతో పిలవకండి, పేరుతో పిలవండి. వెర్షన్ మారితే నంబర్లు జరుగుతాయి. డీబగ్గర్ కింద నడిపేటప్పుడు పెద్ద ఎఫ్ ఆప్షన్ ఇస్తే పెర్ఫ్ ప్రతి టెస్టుకూ ఫోర్క్ చెయ్యకుండా అదే ప్రాసెస్‌లో నడుపుతుంది, బ్రేక్‌పాయింట్ తేలిగ్గా పడుతుంది.

---

మెట్రిక్_మూర్తి

పాత బగ్గుల జాబితాకి నా వంతు.

2017లో సరిచేసినది ఒకటి. అప్పట్లో ఈవెంట్ స్థానంలో బీపీఎఫ్ (కెర్నల్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) సోర్సు ఫైలు పేరు ఇచ్చే వీలుండేది, చుక్క సి తో అంతమయ్యే పేరు అని గుర్తుపట్టేవారు. ‘సీపీయూ/యూఆప్స్_ఎగ్జిక్యూటెడ్.కోర్,సీమాస్క్=5/’ అని ఇస్తే ‘కోర్’లోని మొదటి అక్షరం సి దగ్గర ఆగి, ఇదొక సీ ఫైలు అనేసుకుంది లెక్సర్. తర్వాతి కాలంలో ఆ బీపీఎఫ్ ఫైలు సౌకర్యాన్నే తీసేశారు. అయినా చుక్క తర్వాత వచ్చే అక్షరాల టెస్టు ఉంచడం మంచిది, ఎందుకంటే ఇంటెల్ ఈవెంట్ పేర్లు దాదాపు అన్నీ చుక్కతోనే ఉంటాయి. ఫ్లెక్స్ ఎప్పుడూ అన్నిటికన్నా పొడవైన మ్యాచ్‌నే తీసుకుంటుంది, సమానమైతే ఫైలులో ముందున్న రూల్. మీ కొత్త రూల్ ఎక్కడ పెట్టారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుందని మరవకండి.

మెమ్ బ్రేక్‌పాయింట్ (ఒక మెమరీ చిరునామాను తాకినప్పుడు లెక్కించే ఈవెంట్) ఇంకొకటి. ‘మెమ్:చిరునామా/2:డబ్ల్యూ’ లో స్లాష్ తర్వాతిది పొడవు, పీఎంయూ టర్మ్ కాదు. పొడవు ఇవ్వకపోతే డేటాకు 4. దీని పక్కనే ‘మెమ్-లోడ్స్’ అనే హైఫన్ పేరు కూడా పాసవ్వాలి.

మెట్రిక్‌లు (ఈవెంట్ అంకెలతో కట్టిన సూత్రాలు) వాడేవాళ్ళకు: మెట్రిక్ సూత్రంలో స్లాష్ అంటే భాగహారం. అందుకే ఈవెంట్ పేరులోని స్లాష్ బదులు యట్ గుర్తు రాస్తారు, పేరు లోపలి హైఫన్, కామా, సమానం గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ పెడతారు. ఈవెంట్ పార్సర్ ఒక్కటే పరీక్షిస్తే ఈ రెండో దారి ఖాళీగా మిగిలిపోతుంది. ‘పార్స్ అండ్ ప్రాసెస్ మెట్రిక్స్’ టెస్టు కూడా నడపండి. ‘రౌండ్‌ట్రిప్’ టెస్టు సరేసరి: ఈవెంట్‌కి పెర్ఫ్ తానే పెట్టే పేరును మళ్ళీ పార్సర్‌కిస్తే అదే ఈవెంట్ రావాలి.

---

కృష్ణాడెల్టా

షెల్ స్క్రిప్టు ఉంచుకునేవాళ్ళకు చిన్న హెచ్చరిక. గ్రూపు స్ట్రింగ్‌ని కోట్స్‌లో పెట్టండి. బ్యాష్‌లో కర్లీ బ్రాకెట్లు, మధ్యలో కామా ఉంటే బ్యాషే దాన్ని విడగొట్టి రెండు పదాలు చేస్తుంది. మొదటిది ఈవెంట్‌గా పోతుంది, రెండోదాన్ని పెర్ఫ్ నడపాల్సిన ప్రోగ్రామ్ పేరనుకుంటుంది. మీరు చూసే ఎర్రర్‌కి పార్సర్‌తో సంబంధమే ఉండదు.

---

కొత్తకెర్నల్

ఒక పాత పేరు ఏ కమిట్ దగ్గర విరిగిందో వెతకాలి. గిట్ బైసెక్ట్‌ని (కమిట్లను సగం సగం చేస్తూ వెతికే కమాండ్) ఈ టెస్టుతో ఆటోమేటిక్‌గా నడపొచ్చా?

---

ఆర్మ్‌అభిమాని

నడపొచ్చు. బైసెక్ట్‌ని టూల్స్/పెర్ఫ్, టూల్స్/లిబ్ దారులకే పరిమితం చెయ్యండి, లేకపోతే కెర్నల్ మొత్తం కమిట్ల మధ్య తిరుగుతుంది. ప్రతి అడుగుకీ కొత్త ఖాళీ అవుట్‌పుట్ డైరెక్టరీలో బిల్డ్ చెయ్యండి. ఫ్లెక్స్, బైసన్ పుట్టించిన పాత ఫైళ్ళు మిగిలిపోతే ఈ కమిట్ టెస్టు ఆ కమిట్ లెక్సర్‌తో నడుస్తుంది, బైసెక్ట్ తప్పు చోటు చూపిస్తుంది.

స్క్రిప్టు చివర మూడు దారులుండాలి. టెస్టు వరుసలో ఓకే ఉంటే 0. ఫెయిల్డ్ ఉంటే 1. బిల్డ్ కాకపోయినా, స్కిప్ అని వచ్చినా 125. అది బైసెక్ట్‌కి ‘ఈ కమిట్ వదిలెయ్’ అని చెప్పే కోడ్. స్కిప్‌ని 0 గా లెక్కిస్తే ట్రేస్‌ఎఫ్‌ఎస్ అనుమతి లేని మెషీన్‌లో ప్రతి కమిటూ మంచిదే అవుతుంది.

వెతుకుతున్న పేరు పాత కమిట్ల టేబుల్‌లో ఉండదు గదా. టెస్టు ప్యాచ్‌ని ప్రతి అడుగులో అతికించి, బిల్డయ్యాక తీసెయ్యాలి. అతుక్కోకపోతే అదీ 125 కిందే.

---

బిట్‌మాస్క్

చివరగా మెమరీ. గ్రామర్ మార్చినప్పుడు అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే కంపైలర్ సాధనం)తో ఒకసారి బిల్డ్ చేసి, ఎర్రర్ రావాల్సిన పేర్లన్నీ దానిమీద నడపండి. బైసన్ సగంలో సింటాక్స్ ఎర్రర్‌తో ఆగితే, అప్పటిదాకా కట్టిన టర్మ్ జాబితాలు స్టాక్ మీదే ఉండిపోతాయి. ఆ రకానికి డిస్ట్రక్టర్ ప్రకటించి ఉంటేనే విడుదలవుతాయి. కొత్తకెర్నల్ గారు గ్రామర్‌లో కొత్త నాన్‌టెర్మినల్ చేరుస్తుంటే దాని డిస్ట్రక్టర్ కూడా అదే ప్యాచ్‌లో రావాలి. టెస్టు స్ట్రింగ్: సరైన టర్మ్‌లు రెండు, మూడోది విరిగినది, స్లాష్ మూయకుండా. లీక్ ఉంటే అక్కడే దొరుకుతుంది.

---

కొత్తకెర్నల్

అందరికీ ధన్యవాదాలు. వరుస ఇలా పెట్టుకుంటున్నాం: ముందు సీపీయూఎం_సీఎఫ్, రీడ్ కేసులు నకిలీ పీఎంయూ మీద. తర్వాత మాడిఫయర్‌కి బిట్‌మాస్క్ గారి అయిదు స్ట్రింగులు. దిద్దుబాటు లేని ట్రీ మీద ఇవి ఫెయిలవుతున్నాయని చూశాకే ప్యాచ్ కలుపుతాం. ఆల్డర్ లేక్ మెషీన్ ఒకటి అందుబాటులో ఉంది, పై 32 బిట్ల చెక్ దానిమీద నడిపి ఫలితం ఇక్కడే పెడతాను. ఆర్మ్ సర్వర్ ఉన్నవాళ్ళెవరైనా ఒట్టి ‘సైకిల్స్’కి మైనస్ వి రెండుసార్లు ఇచ్చి, ఎన్ని స్ట్రక్చర్లు ప్రింటయ్యాయో, ఒక్కోదాని టైప్ ఎంతో చెప్పగలరా?